సొంతూరు లేని లీగ్

మైదానాల చరిత్ర: 11వ భాగం

2023 జూన్ 8న జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఇండోర్ స్టేడియంలో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ మొదలైంది. మన దేశంలో హ్యాండ్‌బాల్‌కు అదే తొలి ఫ్రాంచైజీ లీగ్. బరిలో ఆరు జట్లు: మహారాష్ట్ర ఐరన్‌మెన్, రాజస్థాన్ పేట్రియాట్స్, గోల్డెన్ ఈగల్స్ ఉత్తరప్రదేశ్, గర్విత్ గుజరాత్, ఢిల్లీ పాంజర్స్, వాటితోపాటు తెలుగు టాలన్స్. పద్దెనిమిది రోజుల్లో 33 మ్యాచ్‌లు అయిపోయాయి. జూన్ 25న జరిగిన ఫైనల్లో మహారాష్ట్ర జట్టు ఉత్తరప్రదేశ్‌ను ఓడించి తొలి విజేతగా నిలిచింది. ప్రతి మ్యాచ్‌నూ అప్పట్లో జియో సినిమాలో చూసే వీలుండేది.

తెలుగు టాలన్స్ హైదరాబాద్ జట్టు. దాని యజమాని కంకణాల స్పోర్ట్స్ గ్రూప్. వాలీబాల్‌లో హైదరాబాద్ బ్లాక్‌హాక్స్ కూడా వాళ్లదే. జట్టు పేరులో హైదరాబాద్‌కు బదులు ‘తెలుగు’ అని పెట్టారు. అలా పెట్టినప్పుడే ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, కైకలూరు కూడా ఆ పేరు కిందికి వచ్చేశాయి. అయితే ఆ జట్టు లీగ్ మ్యాచ్ ఒక్కటి కూడా తెలుగు నేల మీద ఆడలేదు. ఆ మాటకొస్తే మహారాష్ట్ర జట్టు మహారాష్ట్రలోనూ, గుజరాత్ జట్టు గుజరాత్‌లోనూ ఆడలేదు. అన్ని మ్యాచ్‌లూ ఒకే హాల్లో, ఒకే నేల మీద. ఈ భాగమంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆట గురించి రెండు మాటలు. గోదావరి జిల్లాల్లో వాలీబాల్ తెలియని ఊరు ఉండదు, కబడ్డీ ఆడని వీధి ఉండదు. హ్యాండ్‌బాల్‌ను మాత్రం బడి గ్రౌండులో ఏడాదికోసారి, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్స్ రోజున చూసినవాళ్లే ఎక్కువ. ఒక్కో జట్టుకు ఏడుగురు, అందులో ఒకరు గోల్‌కీపర్. మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న గోల్. దాని ముందు ఆరు మీటర్ల దూరంలో వంపు తిరిగిన గీత ఉంటుంది. ఆ గీత లోపల కాలు పెట్టే హక్కు గోల్‌కీపర్‌కు తప్ప ఎవరికీ లేదు. అందుకే దాడి చేసేవాడు గీత బయట నుంచి పైకెగిరి, గాలిలో ఉండగానే బంతిని విసిరేయాలి. విసిరాక లోపల పడ్డా తప్పు కాదు. ఈ ఆట అందమంతా ఆ ఎగరడంలోనే ఉంది. బంతి పట్టుకుని మూడడుగులకు మించి వేయకూడదు, మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోకూడదు. మోటుగా అడ్డుపడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. అరగంట చొప్పున రెండు భాగాలు. గంట ఆట ముగిసేసరికి ఒక్కో జట్టు పాతిక, ముప్ఫై గోల్స్ వేయడం మామూలే.

దీని పుట్టుక కూడా బడిలోనే. డెన్మార్క్‌లోని ఓర్డ్రుప్‌లో హోల్గర్ నీల్సన్ అనే ఉపాధ్యాయుడు 1898లో ఈ ఆటకు ఒక రూపం ఇచ్చాడు. 1906లో నియమాలు అచ్చు వేయించాడు. ఫుట్‌బాల్ ఆడి కిటికీ అద్దాలు పగలగొడుతున్నారని పిల్లల్ని ఆ ఆటకు దూరం పెట్టారనీ, దాంతో చేతితో ఆడే ఆట ఒకటి కావలసి వచ్చిందనీ చెబుతారు. నీల్సన్ మామూలు మాస్టారు కాదు. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో కత్తిసాములోనూ తుపాకీ పోటీల్లోనూ పతకాలు గెలిచినవాడు.

జర్మన్లు ఆ ఆటను ఫుట్‌బాల్ మైదానంలోకి తీసుకెళ్లారు. బెర్లిన్‌లో మాక్స్ హైజర్ 1917లోనూ, ఆ తర్వాత కార్ల్ షెలెంజ్ 1919లోనూ నియమాలను దిద్దారు. జట్టుకు పదకొండు మందితో ఆరుబయట ఆడే ఆట తయారైంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో దానికి చోటు దొరికింది. ఆగస్టు 14న వానలో, దాదాపు లక్ష మంది చూస్తుండగా జర్మనీ 10-6 తేడాతో ఆస్ట్రియాను ఓడించింది. తెలుగు పాఠకులు ఆ తేదీని మరోలా గుర్తుపెట్టుకోవచ్చు. వాన వల్ల ఒక రోజు వాయిదా పడిన హాకీ ఫైనల్ ఆ మర్నాడు, ఆగస్టు 15న, అదే నగరంలో జరిగింది. ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో చిత్తు చేసింది.

పదకొండు మంది ఆట ఎక్కువ కాలం నిలబడలేదు. ఉత్తర యూరప్‌లో చలికాలం నెలల తరబడి ఉంటుంది. మంచు కురిసే రోజుల్లో ఆరుబయట ఆడే వీలుండదు. స్కాండినేవియా దేశాలవాళ్లు ఏడుగురితో, పైకప్పు కింద ఆడడం అలవాటు చేసుకున్నారు. ఇరుకు కోర్టులో ఆట వేగం పెరిగింది, గోల్స్ పెరిగాయి, చూసేవాళ్లు పెరిగారు. 1946లో కోపెన్‌హాగెన్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1966లో ఆరుబయట ఆట చివరి ప్రపంచ పోటీ జరిగింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు హ్యాండ్‌బాల్ తిరిగి వచ్చింది. ఆ వచ్చింది ఇండోర్ ఆటే. మహిళలకు 1976లో మాంట్రియల్‌లో అవకాశం దక్కింది.

ఆరుబయటి ఆట ముగిసిపోతున్న అదే 1966లో జర్మనీలో ఇండోర్ హ్యాండ్‌బాల్ బుండెస్‌లీగా మొదలైంది. మొదట్లో ఉత్తరం, దక్షిణం అని రెండు గ్రూపులు ఉండేవి. 1977లో రెంటినీ కలిపి ఒకే విభాగం చేశారు. ఇప్పుడు పద్దెనిమిది జట్లు. ప్రతి జట్టూ ప్రతి ప్రత్యర్థితో ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో ఆడుతుంది. అంటే ఏడాదికి 34 మ్యాచ్‌లు, అందులో 17 సొంత ఊళ్లోనే. అడుగున మిగిలిన జట్లు కింది విభాగానికి దిగిపోతాయి. అక్కడ గెలిచినవి పైకి వస్తాయి. ప్రపంచంలో అత్యంత గట్టి లీగ్‌గా దీన్నే చెప్పుకుంటారు.

ఆ లీగ్‌లోని ఊళ్ల పేర్లు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1967లో తొలి టైటిల్ గెలిచింది గుమ్మర్స్‌బాఖ్. దాని జనాభా దాదాపు 50 వేలు. ఆ ఊరి క్లబ్ మొత్తం 12 సార్లు జర్మన్ చాంపియన్ అయింది. గ్యోపింగెన్ జనాభా 60 వేల లోపే. లెమ్గో ఇంకా చిన్నది, 40 వేల దగ్గర. 2011 జనగణనలో తాడేపల్లిగూడెం జనాభా లక్ష దాటింది, భీమవరం లక్షా నలభై వేలు దాటింది. అంటే మన గూడెంలో సగం లేని ఊరు ఒక దేశపు అగ్రశ్రేణి లీగ్‌ను గెలిచి, యూరప్ చాంపియన్ కూడా అయింది.

2023 నాటికి 23 సార్లు జర్మన్ టైటిల్ గెలిచిన జట్టు కీల్. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఆ నగర జనాభా రెండున్నర లక్షల దగ్గర ఉంటుంది. 2011లో ఏలూరు జనాభా 2 లక్షల 18 వేలు. ఊరి కొలతలో రెండూ ఇంచుమించు సమానమే. క్లబ్ పూర్తి పేరు టీహెచ్‌డబ్ల్యూ కీల్. అందులోని హెచ్, డబ్ల్యూ అక్షరాలు హస్సే, వింటర్‌బెక్ అనే రెండు పేటల పేర్లు. 1904లో ఆ రెండు పేటలవాళ్లు కలిసి పెట్టుకున్న వ్యాయామశాల అది. ఏలూరులోని పవర్‌పేట, పత్తేబాద కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న వ్యాయామశాల నూట ఇరవై ఏళ్ల తర్వాత పది వేల మంది పట్టే హాల్లో యూరప్ చాంపియన్లకు ఎదురు నిలవడం లాంటిది ఇది.

ఆ హాలు కథ తాడేపల్లిగూడెం వాళ్లు తప్పక వినాలి. కీల్ జట్టు ఆడే పెద్ద హాలును 1951లో కట్టారు. కట్టడానికి వాడిన ఉక్కు చట్రం జుల్ట్ దీవిలోని ఒక విమానాల షెడ్డుది. రెండో ప్రపంచ యుద్ధకాలపు షెడ్డును విప్పి, తెచ్చి, ఊరి మధ్య ఆటలకూ సంతలకూ సభలకూ పనికొచ్చేలా నిలబెట్టారు. తాడేపల్లిగూడెంలోనూ ఆ యుద్ధం ఒక రన్‌వేను వదిలి వెళ్లింది. దశాబ్దాలపాటు ఖాళీగా పడి ఉన్న ఆ విమానాశ్రయ భూముల్లోకి, 2015లో ఏర్పాటైన ఎన్‌ఐటీ ఇప్పుడు వచ్చి చేరింది. భూమి చదువుకు పనికి రావడం మంచిదే. ఒక ఊరు యుద్ధం మిగిల్చిన ఇనుముతో ఆటకు ఇల్లు కట్టుకుందన్న సంగతి కూడా గూడెం వాళ్లకు తెలిసి ఉండాలి.

ఇక మన దేశం సంగతి. హ్యాండ్‌బాల్ ఇక్కడికి ఉత్తరాది నుంచి దిగింది. హర్యానాకు చెందిన జగత్ సింగ్ చౌహాన్ చొరవతో 1972లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. తొలి జాతీయ పోటీలు రోహ్‌తక్‌లో జరిగాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆతిథ్య దేశంగా భారత్ బరిలోకి దిగింది. అక్కడ చైనా స్వర్ణం గెలిచింది. జపాన్‌కు రజతం, దక్షిణ కొరియాకు కాంస్యం దక్కాయి. ఆ తర్వాత ఆట బలమంతా సర్వీసెస్, రైల్వేస్, పంజాబ్, హర్యానా జట్ల చుట్టూనే పెరిగింది. సైన్యంలోనో రైల్వేలోనో ఉద్యోగం వస్తే ఆట నిలబడేది, లేకపోతే డిగ్రీతోపాటే ముగిసిపోయేది.

లీగ్ ఆలోచన కార్యరూపం దాల్చడానికి మూడేళ్లు పట్టింది. తొలి ప్రకటన 2020లో వచ్చింది. అప్పుడు వినిపించిన జట్టు పేరు తెలంగాణ టైగర్స్. కోవిడ్ వచ్చి ఆ ప్రయత్నాన్ని ఆపేసింది. 2023లో లీగ్ నిజంగా మొదలయ్యేసరికి జట్ల పేర్లు మారాయి, తెలంగాణ టైగర్స్ స్థానంలో తెలుగు టాలన్స్ వచ్చింది. ఈ మధ్యలో సమాఖ్య పగ్గాల కోసం రెండు వర్గాలు కోర్టుల దాకా వెళ్లాయి. ఆ గొడవల వివరాలు ఈ వ్యాసానికి అక్కర్లేదు. ఆటగాడికి జరిగిన నష్టం మాత్రం చెప్పాలి. ఏ సంఘం ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లుతుందో తెలియని రోజుల్లో, స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న పేదింటి కుర్రాడు ఆ ఆటను ఏ ధైర్యంతో ఎంచుకుంటాడు?

ఒకే హాల్లో లీగ్ నడపడానికి కారణం డబ్బు. ఆరు నగరాలు తిరిగితే ఆరు హాళ్ల అద్దె, ఆరు చోట్ల కెమెరాల ఏర్పాటు, ప్రయాణాలు, బసలు. కొత్త ఆటకు అంత ఖర్చు భారమే. ప్రైమ్ వాలీబాల్ కూడా 2022లో మొదటి సీజన్ మొత్తాన్ని హైదరాబాద్ గచ్చిబౌలిలోనే నడిపింది. అది కోవిడ్ తెచ్చిన అవసరం. ఆ మరుసటి ఏడే మూడు నగరాలకు వెళ్లింది. 2014లో ప్రో కబడ్డీ తొలి సీజన్‌లోనే ఎనిమిది నగరాలు తిరిగింది. తెలుగు టైటాన్స్ సొంత మ్యాచ్‌లు విశాఖలో జరిగాయి. శ్రీకాకుళం నుంచీ గోదావరి జిల్లాల నుంచీ బస్సెక్కి వెళ్లి చూసే దూరమే అది. టీవీలో ఎన్ని మ్యాచ్‌లు చూపించినా, హాల్లో కూర్చుని గొంతు చించుకున్న జనం లేకుండా ఒక జట్టు ఏ ఊరిదీ కాదు. టాలన్స్‌కు ఆ గొంతులు దొరకలేదు. అది ఆటగాళ్ల లోపం కాదు. లీగ్‌ను పేర్చిన తీరులోని లోపం.

లీగ్‌ను ఏలూరుకో గూడేనికో తెస్తే చాలు, ఆట వేళ్లూనుకుంటుందా? ఇక్కడ ఇంకో చిక్కుంది, అది నేలది. ఈ ప్రాంతంలో భూమిని సెంట్లలో కొలుస్తారు కాబట్టి కోర్టునూ సెంట్లలోనే చెప్పుకుందాం. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మూడు సెంట్ల పైచిలుకు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లకు 9 మీటర్లు, నాలుగు సెంట్లు. బాస్కెట్‌బాల్‌కు పది సెంట్లు దాటుతుంది. హ్యాండ్‌బాల్ కోర్టు 40 మీటర్లకు 20 మీటర్లు. చుట్టూ వదలాల్సిన జాగా కాక ఇరవై సెంట్లు. ఒక్క హ్యాండ్‌బాల్ కోర్టు విస్తీర్ణం దాదాపు ఐదు వాలీబాల్ కోర్టులంత అన్నమాట.

కొల్లేరు సరస్సు లంకల్లో ఇరవై సెంట్ల మెరక ఎక్కడ దొరుకుతుంది? బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తుంటే, ఉప్పుటేరు ఒక్కటే వాటిని సముద్రానికి తీసుకెళ్లాలి. మునగని జాగా ఉన్నచోట ఇళ్లు, బడి, గుడి, రోడ్డు ఇరుక్కుని ఉంటాయి. మిగిలినదంతా చేపల చెరువులు, వాటి గట్లు. వాలీబాల్‌కు గట్టు పక్కన నాలుగు సెంట్లు చదును చేసుకోవచ్చు. కబడ్డీకి రచ్చబండ ముందు జాగా చాలు.

మట్టి స్వభావం కూడా ఆటను నిర్ణయిస్తుంది. వాలీబాల్‌లో బంతి నేలను తాకితే పాయింటు పోతుంది, కాబట్టి నేల ఎలా ఉన్నా ఆట నడుస్తుంది. కబడ్డీకి మెత్తటి మట్టే మేలు. హ్యాండ్‌బాల్‌లో మాత్రం బంతిని కొట్టుకుంటూ పరుగెత్తాలి, కొట్టిన ప్రతిసారీ అది సరిగ్గా చేతికి రావాలి. డెల్టా నల్లమట్టి వానకు బురదవుతుంది, ఎండకు బీటలు వారుతుంది. రెండు కాలాల్లోనూ బంతి సరిగా లేవదు. పైగా బడి ఆటల ఎంపికలు వానాకాలంలోనే వస్తాయి. ఏళ్ల తరబడి మన పీఈటీ మాస్టార్లు వాలీబాల్ నెట్టు కట్టడానికి మొగ్గుచూపారంటే, అది అలవాటు వల్ల కాదు, ఉన్న నేలకు తగిన ఆటను ఎంచుకోవడం వల్ల. గోదావరి గట్ల మీద వాలీబాల్ బలపడడానికీ, హ్యాండ్‌బాల్ బలపడకపోవడానికీ ప్రతిభతో సంబంధం లేదు. పి.వి. సింధు కుటుంబాన్నే చూడండి. తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో వాలీబాల్ కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఏలూరుకు దగ్గర్లో పెదవేగి మండలం రాట్నాలకుంటలో ఉన్న రాట్నాలమ్మ వాళ్ల ఇలవేల్పు. ఇంత ఎత్తూ ఇంత ఎగురూ ఉన్న పిల్లలు ఈ మట్టిలో పుడుతూనే ఉన్నారు. వాళ్లకు కావలసింది గట్టి నేల.

జాగా లేనిచోట ఈ ఆట పెరగదనీ అనలేం. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో మోర్సింఘీ అనే కొండ ఊరుంది. చదునైన నేల అక్కడా అరుదే. స్నేహలత అనే శిక్షకురాలు ఆ ఊళ్లో ఆడపిల్లలకు హ్యాండ్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారు. ఆ ఊరి నుంచి జాతీయ జట్లకు వరసగా అమ్మాయిలు వెళ్లారు. 2022 మార్చిలో కజకిస్తాన్‌లోని అల్మాటీలో భారత జూనియర్ అమ్మాయిలు ఫైనల్లో థాయ్‌లాండ్‌ను 41-18తో ఓడించి ఆసియా టైటిల్ గెలిచారు. ఏ స్థాయిలోనైనా భారత హ్యాండ్‌బాల్ జట్టుకు అదే తొలి ఆసియా టైటిల్. ఆ విజయం వెనక మోర్సింఘీ ఉంది. పురుషుల లీగ్‌కు ఏడాది ముందే వచ్చిన ఆ గెలుపు ఎంతమందికి తెలుసు? లీగ్ ప్రకటనలకు దక్కినంత చోటు అల్మాటీ అమ్మాయిలకు దక్కలేదు. ఇది బాధపడాల్సిన విషయం. ఏలూరు సెయింట్ థెరీసా కాలేజీలాంటి పాత మహిళా కళాశాలలున్న జిల్లాలో ఆ గెలుపును పాఠంగా చెప్పాలి.

మరో దారి సముద్రం వైపు ఉంది. బీచ్ హ్యాండ్‌బాల్ అనే రూపంలో జట్టుకు నలుగురే ఆడతారు. కోర్టు 27 మీటర్లకు 12 మీటర్లు, అంటే ఎనిమిది సెంట్లు. ఇసుకలో బంతి లేవదు కాబట్టి అందించుకోవడమే ఎక్కువ. 2008లో బాలిలో జరిగిన తొలి ఆసియా బీచ్ క్రీడల్లోనే దీనికి చోటిచ్చారు. నరసాపురం దాటితే పేరుపాలెం తీరం. అక్కడ ఎనిమిది సెంట్ల ఇసుకకు ఎవరూ కౌలు అడగరు.

గట్టి నేల విషయానికొస్తే ఏలూరుకు కొంత ఆధారం ఉంది. ఇండోర్ స్టేడియం ఉంది, అల్లూరి సీతారామరాజు పేరు మీద పెద్ద మైదానం ఉంది, భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రం నడిచిన ఊరిది. గూడెంలో ఎన్‌ఐటీ ఆవరణ, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. హాస్టళ్లలో వేలమంది యువతీయువకులు ఉన్నచోట ఒక సిమెంటు కోర్టు వేయడం పెద్ద పని కాదు.

జర్మనీలో బుండెస్‌లీగా కింద అంతస్తులు అంతస్తులుగా చిన్న లీగ్‌లు ఉంటాయి. అన్నిటికంటే అడుగున ఉండేది జిల్లా లీగ్. శనివారం సాయంత్రం పక్క ఊరికి వెళ్లి, ఆడి, రాత్రికి ఇంటికి తిరిగి వచ్చే లీగ్ అది. కీల్, గుమ్మర్స్‌బాఖ్ లాంటి క్లబ్బులకు పునాది అక్కడే పడింది. అలాంటి లీగ్‌కు కావలసిన దారి కొల్లేటి చుట్టూ ఇప్పటికే ఉంది. విజయవాడ నుంచి ఒక రైలు మార్గం ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా నిడదవోలు వెళుతుంది. రెండోది గుడివాడ, మండవల్లి, కైకలూరు, ఆకివీడు, ఉండి మీదుగా భీమవరం చేరి, అత్తిలి, తణుకు దాటి అదే నిడదవోలులో కలుస్తుంది. సరస్సును చుట్టిన ఈ రైలు దారి మీద ఏలూరు, గూడెం, తణుకు, భీమవరం, కైకలూరు, గుడివాడ ఉన్నాయి. జైపూర్ లీగ్‌లో ఉన్నన్ని జట్లే, ఆరు. ఒక్కో ఊళ్లో ఒక్క సిమెంటు కోర్టు, రెండు గోల్ చట్రాలు, ఒక పీఈటీ, వానలు వెనకబట్టాక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శనివారాలు. ఆడి వచ్చిన పిల్లలు అదే రాత్రి పాసింజరులో ఇంటికి చేరతారు.

(సశేషం)